టిక్కెట్టు వేరు, విరాళం వేరు

అందరికీ నమస్కారం. గురువులు, తల్లిదండ్రులు, పాడబోయే పిల్లలు అందరూ ఇక్కడే ఉన్నారు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను. మన పిల్లలు త్యాగరాయ గానసభలోనో రవీంద్రభారతిలోనో కచేరీ చేస్తారు. ఆ కచేరీ పేరు మీద పోగయ్యే సాయం దేశం దాటి ఒక బడికి చేరాలి. ఆ బడి కెన్యాలో ఉందనుకుందాం. కీర్తనల పట్టిక రాసుకునే ముందే డబ్బు ఏ దారిన వెళ్తుందో తేల్చుకోవాలి. చాలామంది హాలు బుక్ చేసి, టిక్కెట్లు అచ్చేసి, ఆ తర్వాత బ్యాంకుకు వెళ్తారు. చిక్కంతా అప్పుడు బయటపడుతుంది.

మన దగ్గర నుంచి బయటి దేశానికి విరాళం పంపే మామూలు దారి రిజర్వు బ్యాంకు వారి ఎల్‌ఆర్‌ఎస్, అంటే వ్యక్తులు బయటికి డబ్బు పంపుకునే పథకం. ఒక మనిషి ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల దాకా పంపుకోవచ్చు. విరాళాలూ అందులోకే వస్తాయి. అయితే అది వ్యక్తులకే. ట్రస్టుకు, సొసైటీకి, కంపెనీకి ఆ దారి లేదు. పైగా రిజిస్టరైన ధార్మిక సంస్థ తన ఆదాయాన్ని ఇండియా బయట ఖర్చు పెడితే, ముందుగా కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు (సీబీడీటీ) ఆమోదం ఉంటే తప్ప, పన్ను మినహాయింపు దెబ్బతింటుంది. ‘మాకు ఎఫ్‌సీఆర్‌ఏ, అదే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉంది కదండీ’ అంటుంటారు. అది బయటి డబ్బు లోపలికి రావడానికి, ఇక్కడి డబ్బు బయటికి పోవడానికి కాదు. పోనీ ఒక మాస్టారి సొంత ఖాతాలో అందరి డబ్బూ వేయించి ఆయన చేత పంపిద్దామంటే, రేపు ఆదాయపు పన్ను వాళ్లకు ఆ లెక్క చెప్పుకోవాల్సింది ఆయనే. పాపం, వర్ణం నేర్పిన పుణ్యానికి నోటీసు!

టిక్కెట్టు డబ్బు సంస్థ చేతికో మాస్టారి చేతికో వస్తే ఈ చిక్కులు తప్పవు. అందుకే ప్రవేశం ఉచితం పెట్టమంటాను. హాలు అద్దె, సౌండు, పక్కవాద్యాల సంభావన, పిల్లల టిఫిను, ఈ ఖర్చులన్నీ ఇక్కడి చిన్న చందాలతో వెళ్లిపోవాలి. పెద్ద మొత్తం ఇచ్చేవాళ్లు ఎవరి బ్యాంకు నుంచి వాళ్లే, నేరుగా బడి ఖాతాకు పంపాలి. రెండు వేలు, మూడు వేలు ఇచ్చేవాళ్లను విదేశానికి పంపమనడం దండగ. బ్యాంకు ఛార్జీలకే సగం పోవచ్చు. మారకం మీద జీఎస్టీ మాత్రం స్వల్పమే: లక్ష రూపాయలు పంపితే అందులో ఒక శాతం, అంటే 1,000 రూపాయల మీద 18 శాతం, 180 రూపాయలు. ఒకే కుటుంబంలోని వాళ్లు కలిపి పంపుకోవచ్చు. చిన్న చందా హాలుకు పోతుందన్న మాట మాత్రం ఆహ్వానపత్రం మీదే అచ్చు వేయండి. దాచారంటే నమ్మకం పోతుంది. ఇలా బయటికి పంపిన విరాళానికి 80జి సెక్షన్ కింద పన్ను మినహాయింపు రాదన్నదీ ముందే చెప్పాలి.

ఉచిత ప్రవేశానికి ఇంకో లాభం ఉంది. 1957 నాటి కాపీరైటు చట్టంలో అభిరుచి కొద్దీ పాడే క్లబ్బులకు, సొసైటీలకు ఒక మినహాయింపు ఇచ్చారు. శ్రోతల దగ్గర డబ్బు తీసుకోకపోతే పాటకు అనుమతి అక్కర్లేదు. మతసంస్థ కోసమైతే డబ్బు తీసుకున్నా సరే. బడి కోసమైతే ఆ వెసులుబాటు లేదు. అంటే టిక్కెట్టు పెట్టి సినిమా పాట పాడితే లైసెన్సు కావాలి. త్యాగరాజు 1847లో పోయారు, ఆ కృతులకు పేచీ లేదు. అన్నమయ్య దగ్గరే పొరపాటు పడతారు. రాగిరేకుల మీద సాహిత్యం, రాగం పేరు దొరికాయి గానీ, ఈ రోజు మనం పాడే వరసల్లో చాలావరకు ఇరవయ్యో శతాబ్దం విద్వాంసులు కట్టినవే. వరస కట్టినవారు పోయాక 60 ఏళ్ల దాకా వరసకు హక్కు ఉంటుంది. ఈ మినహాయింపు వేదిక మీది పాటకే. వీడియో తీసి నెట్‌లో పెడితే వర్తించదు.

ఇక వేదిక. పన్నెండు మంది పిల్లలను ఒకే శ్రుతిలో పాడించాలన్న మోజు వదులుకోండి. హార్మోనియం మెట్ల లెక్కలో ఆడపిల్లలకు అయిదు, అయిదున్నర శ్రుతి హాయిగా ఉంటుంది. గొంతు మారిన మగపిల్లలు ఒకటి, ఒకటిన్నర దగ్గర నిలబడతారు. వాళ్లను అయిదులో పాడిస్తే పైషడ్జం, అంటే పై ‘స’ దగ్గర అరుపే వస్తుంది. రెండు భాగాలు చేయండి, మృదంగాలూ రెండు తెప్పించండి. ఒకే మృదంగాన్ని రాయితో, పుల్లతో కొట్టి కొద్దిగా జరపొచ్చు గానీ, అయిదు నుంచి ఒకటికి దించలేరు.

హాలు వాళ్లు కరెంటు ఖర్చుకు జంకి, జనం వచ్చే వేళకు ఏసీ వేస్తారు. పిల్లలు అంతకుముందు ఉక్కలో శ్రుతి చేసుకుని ఉంటారు. చల్లటి పొడిగాలి తగలగానే మృదంగం మూత బిగుసుకుని శ్రుతి పైకి పోతుంది. ఎడమ మూతకు పెట్టిన బొంబాయి రవ్వ ముద్ద ఎండి, అంచులు లేచి, రెండో కీర్తనకల్లా మంద్రం పొడిబారి టకటకమంటుంది. గంట ముందే ఏసీ వేయించండి. రవ్వ ముద్ద తెర తీసే పావుగంట ముందు పెట్టించి, చిన్న గిన్నెలో నీళ్లు పక్కనే ఉంచండి. తంబురా యాప్ పెట్టిన ఫోను ఫ్లైట్ మోడ్‌లో ఉండాలి. ఆలాపన మధ్యలో కొరియర్ వాడి ఫోను రావడం మామూలే.

పన్నెండు మందికి పన్నెండు మైకులు పెట్టొద్దు. తెరిచి ఉన్న మైకులు రెట్టింపయిన ప్రతిసారీ, మైకు కీచుమని కూత పెట్టకముందు మనం పెంచుకోగల ధ్వని 3 డెసిబెల్స్ తగ్గుతుంది. ముగ్గురికి ఒకటి చొప్పున నాలుగు చాలు. ఆరుబయట చేస్తే పోలీసు అనుమతి తీసుకోండి, రాత్రి 10కి లౌడ్‌స్పీకర్ ఆపాల్సిందే.

తేదీ గురించి ఒక మాట. కెన్యాలో బడి సంవత్సరం జనవరిలో మొదలవుతుంది. మన సాయంతో కొనే బల్లలు, అనుకుందాం, అప్పటికి బడికి చేరాలంటే కచేరీ అక్టోబరుకల్లా అయిపోవాలి. గణేశ్ నిమజ్జనం రోజున మాత్రం పెట్టకండి, శ్రోతలు ట్యాంక్‌బండ్ ట్రాఫిక్‌లోనే ఉండిపోతారు. కెన్యా సమయం మనకంటే రెండున్నర గంటలు వెనక. మనకు సాయంత్రం ఆరంటే అక్కడ మూడున్నర. కచేరీ పని రోజున పెడితే అక్కడి పిల్లలు బడి నుంచే వీడియోలో పలకరించొచ్చు.

పంపేటప్పుడు బ్యాంకులో ఏ2 అనే, విదేశానికి డబ్బు పంపే ఫారం నింపాలి, పాన్ తప్పనిసరి. ఏడాదిలో 10 లక్షల రూపాయలు దాటితేనే టీసీఎస్, అంటే పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను పడుతుంది. ఛార్జీలు ఎవరివన్న గడిలో ‘ఓయూఆర్’ (OUR, అంటే ఛార్జీలన్నీ మావే) అని రాయకపోతే మధ్య బ్యాంకు కోసుకున్నాక మిగిలిందే బడికి చేరుతుంది. ఖాతా పేరు బ్యాంకు పత్రంలో ఉన్నట్టు అక్షరం పొల్లు పోకుండా ఉండాలి. బడి బోర్డు మీది పేరు ఒకటి, ఖాతా పేరు ఇంకొకటి ఉంటాయి చాలాసార్లు. తేడా వస్తే డబ్బు వారాల తరబడి మధ్యలో ఆగి, కోత పడి వెనక్కి వస్తుంది. కాబట్టి బడి వాళ్ల చేత ఖాతా వివరాలు బ్యాంకు లెటర్‌హెడ్ మీద రాయించి తెప్పించుకోండి. ఆహ్వానపత్రం అచ్చుకు ఇచ్చేది ఆ కాగితం చేతికి వచ్చాకే.