గొయ్యి తవ్వడానికి డబ్బుంది, తర్వాత?

అందరికీ నమస్కారం. పల్లెలకు ఇంటర్నెట్ అనగానే కేబుళ్లు, స్పీడు గురించి చెబుతాననుకుని ఉంటారు. నేను డబ్బుల లెక్క మాట్లాడటానికి వచ్చాను.

పంచాయతీలకు ఆప్టికల్ ఫైబర్ వేసే పథకాన్ని కేంద్ర మంత్రివర్గం 2011 అక్టోబరులో ఆమోదించింది. ఇప్పుడు మనం భారత్‌నెట్ అంటున్నది అదే. అప్పటి అంచనా దాదాపు 20 వేల కోట్లు. టెలికాం కంపెనీలు తమ ఆదాయంలో 5 శాతం చొప్పున కట్టే సార్వత్రిక సేవా నిధి నుంచే ఆ డబ్బు. అంటే హైదరాబాద్‌లో మీరు చేసుకునే రీచార్జిలోంచి కూడా ఎంతో కొంత ఆ ఊళ్లకు వెళ్తోందన్నమాట.

పని అనుకున్నంత వేగంగా సాగలేదు. దాంతో 2021 జూన్ 30న ప్రభుత్వం ప్రైవేటు భాగస్వామ్యం వైపు తిరిగింది. 16 రాష్ట్రాలు, 3.61 లక్షల గ్రామాలు, 9 ప్యాకేజీలు, 30 ఏళ్ల ఒప్పందం. (మన రెండు రాష్ట్రాలూ అందులో లేవు.) మొత్తం ఖర్చు 29,430 కోట్లు, అందులో 19,041 కోట్లు వయబిలిటీ గ్యాప్ ఫండింగ్ కింద, అంటే గిట్టుబాటు కాని పనిలో లోటు పూడ్చే సాయంగా, ప్రభుత్వమే ఇస్తానంది. ఊరికి సగటున ఐదు లక్షల పైమాటే. మూడింట రెండు వంతులు సర్కారే పెడుతుంటే కంపెనీలు ఎగబడాలి కదా? టెండరు పిలిస్తే ఒక్కరూ బిడ్ వేయలేదు.

నాకిది ఆశ్చర్యం అనిపించలేదు. పెళ్లి ఖర్చు మేం పెడతాం, సంసారం మీరు ఈదుకోండి అన్నట్టుంది ఆ ఒప్పందం. ఊళ్లో ఎన్ని ఇళ్లు కనెక్షన్ తీసుకుంటాయి? చేతిలో ఫోనుంది, అందులో డేటా ఉంది, మళ్లీ నెలనెలా ఇంకో బిల్లు కడతారా? రోడ్డు వెడల్పు చేసేవాళ్లు ఒకసారి, మంచినీళ్ల పైపు వేసేవాళ్లు ఇంకోసారి తీగ తెంపితే ఆ ఖర్చెవరిది? ఈ ప్రశ్నలకు 30 ఏళ్లకు సరిపడా జవాబు రాసిమ్మంటే ఏ బ్యాంకు అప్పిస్తుంది? ప్రభుత్వ సాయం తీగ వేయడానికి పనికొస్తుంది. నెలాఖరున వసూలు కాని బిల్లుకు అది మందు కాదు.

2023 ఆగస్టులో పద్ధతి మార్చారు. కొత్త కేటాయింపు 1,39,579 కోట్లు. కాంట్రాక్టరు మూడేళ్లలో కట్టాలి, పదేళ్లు నిర్వహించాలి, గిరాకీ భయం మాత్రం అతని నెత్తిన లేదు. ఇది మెరుగే. కానీ కనెక్షన్లు అమ్ముడుపోకపోయినా అతనికి పెద్దగా దిగులుండదు. నాకున్న బెంగ అదే.

ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్‌నెట్ 2017 డిసెంబరు 27న మొదలైంది. అప్పట్లో ఇంటర్నెట్, టీవీ, ఫోను కలిపి నెలకు 149 రూపాయలు. నేల తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగారు, ఇళ్లకు చేర్చే పని ఊరి కేబుల్ ఆపరేటర్లకు అప్పజెప్పారు. ఆ పథకం చుట్టూ ఎన్ని రాజకీయ గొడవలున్నా, ఈ ఒక్క ఆలోచన మాత్రం నాకు నచ్చింది. ఏ ఇంట్లో ఎవరు ఏ తారీఖున డబ్బిస్తారో ఆపరేటరుకు తెలుసు. గాలివానకు తీగ తెగితే నిచ్చెన భుజాన వేసుకుని వచ్చేదీ అతనే. భాగస్వామ్యం అంటే పెద్ద కంపెనీలే ఎందుకు గుర్తుకురావాలి?

అందుకే నేను అడిగేది ఒకటే: వేసిన కిలోమీటర్లకు కాదు, ఆ నెలలో పనిచేసిన కనెక్షన్లకు బిల్లు చెల్లించండి. ఈ సభలో కేబుల్ పని చేసేవాళ్లు ఉంటే, తెగిన తీగలు అతికించడానికి మీకు నెలకు ఎంతవుతుందో వెళ్లేలోగా నాకు చెప్పండి. రాసుకుంటాను.