బ్రెమ్ అంటే బ్రెన్ అని వినబడింది

వేదిక మీది పెద్దలకీ, పర్లాకిమిడి తెలుగువాళ్ళందరికీ నమస్కారం.

గిడుగు రామమూర్తి పంతులుగారి పుట్టినరోజున ఆయన గురించి మాట్లాడమని పిలిచారు. ఈ ఊళ్ళో పాఠాలు చెప్పుకుంటూ, సవరల భాషని వాళ్ళ నోటి నుంచే విని నేర్చుకుని, దానికి నిఘంటువు రాసిన మనిషి ఆయన. అలాగే జనం మాట చెవిపెట్టి విన్న ఇంకొకాయన ఉన్నారు. ఇవాళ ఆయన సంగతి చెప్పనివ్వండి. ఫ్రాన్సు దేశస్థుడు, మార్క్ బ్లోక్.

1886లో లియోన్‌లో పుట్టారు. మధ్యయుగాల చరిత్ర ఆయన చదువు. 1914లో యుద్ధం రాగానే సార్జెంటుగా వెళ్ళి, కెప్టెన్‌గా తిరిగొచ్చారు. 1929లో తోటి చరిత్రకారుడు లూసియన్ ఫెవ్ర్‌తో కలిసి పెట్టిన 'అనాల్' పత్రిక చరిత్ర రాసే తీరునే మార్చింది. అదంతా పుస్తకాల్లో దొరుకుతుంది. నాకు ప్రాణమైన సంగతి 1917 నాటిది.

ఆయన దళం ఒక జర్మన్ సైనికుణ్ణి పట్టుకుంది. అతనిది జర్మనీలోని బ్రెమెన్. ఫ్రెంచివాళ్ళు ఆ ఊరిని 'బ్రెమ్' అంటారు. వాళ్ళున్న చోటికి దగ్గర్లోనే 'బ్రెన్' అనే చిన్న ఊరుంది. అంతే! యుద్ధానికి ముందే బ్రెన్‌లో దుకాణం పెట్టుకు కూర్చున్న గూఢచారి దొరికాడని పుకారు లేచింది. బ్లోక్ దాన్ని కొట్టిపారేయలేదు. ఈ తప్పే ఎందుకు పుట్టిందని ఆలోచించారు. జర్మన్ గూఢచారులు అంతటా ఉన్నారని జనం ముందే నమ్మారు. చెవి ఆ నమ్మకానికి తగ్గట్టు విన్నది. ఇంకో మాట కూడా రాశారు. అచ్చులో వచ్చిందాన్ని సైనికులు నమ్మడం మానేశారు. కబుర్లన్నీ వంటల దగ్గర చేతులు మారేవి. నోటిమాట మీదే నడిచిన, తాను చదువుకున్న మధ్యయుగం ఆ కందకాల్లో ఆయనకి కళ్ళెదుట కనిపించింది. రాజు చెయ్యి తగిలితే కంఠమాల జబ్బు నయమవుతుందని జనం వందల ఏళ్ళు ఎలా నమ్మారో 1924లో పెద్ద గ్రంథమే రాశారు.

ఇక్కడ నా సంగతొకటి చెప్పాలి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అప్పుడు మా నాయనమ్మ సోంపేట నుంచి ఎడ్లబండి మీద ఈ ఊరొచ్చేసింది. "జపానోళ్ళు బారువలో దిగిపోనారంట, మనుసుల్ని ఓడెక్కించేత్తన్నారంట" అని చచ్చేదాకా చెప్పింది. సోంపేట పక్కనున్న ఆ బారువ రేవులో ఎవరూ దిగలేదు. కాలేజీలో ఉన్నప్పుడు ఆమె చెప్పిందంతా నోటుబుక్కులో రాసి మా లెక్చరరుకి చూపించాను. "ముసలమ్మ ముచ్చట్లు చరిత్ర కాదు" అని ఎర్రసిరాతో పేజీ అంతా కొట్టేశారు. ఆ పుస్తకం నేను పొయ్యిలో వేశాను. నాయనమ్మ పోయింది. ఓడెక్కించడమన్న మాట ఎక్కణ్ణుంచి వచ్చింది? అంతకు ముందు ఓడెక్కి బర్మా పోయి, తిరిగిరాని మనవాళ్ళని తలుచుకుని అన్నదా? అడగడానికి మనిషి లేదు. బ్లోక్‌ని చదివింది ఆ తర్వాత ఇరవై ఏళ్ళకి. చదివి ఏడ్చాను.

వింటున్నారా? మీ ఇళ్ళల్లో ఉన్నారు కదా పెద్దవాళ్ళు!

బ్లోక్ కథ పూర్తి చేస్తాను. రెండో యుద్ధం వచ్చేసరికి ఆయనకి యాభైమూడు, ఆరుగురు పిల్లలు. ఇంట్లో ఉండిపోవచ్చు. మళ్ళీ కెప్టెన్‌గా వెళ్ళి సైన్యానికి పెట్రోలు సరఫరా చూశారు. ఫ్రాన్సు రేవు డంకర్క్ నుంచి ఇంగ్లండుకి దాటి, వెంటనే ఫ్రాన్సుకి తిరిగొచ్చారు. 1940లో ఫ్రాన్సు జర్మన్ల చేతిలో ఓడిపోయింది. ఆ ఓటమికి కారణాలు అదే ఏడు రాసిపెట్టారు. యూదుడని కొలువుకి అడ్డుపడ్డారు, పారిస్‌లో ఆయన పుస్తకాలు జర్మన్లు ఎత్తుకుపోయారు. చరిత్ర ఎందుకు పనికొస్తుంది నాన్నా అన్న పిల్లవాడి ప్రశ్నతో మొదలయ్యే పుస్తకం ఆ రోజుల్లోనే రాశారు. అది సగంలో ఆగింది. లియోన్‌లో జర్మన్ల మీద రహస్య పోరాటంలో చేరి, 1944 మార్చి 8న దొరికారు. చిత్రహింసలు పెట్టి, జూన్ 16న తోటి ఖైదీలతో పాటు కాల్చేశారు.

ముందు వరసలో మామ్మగారూ, ఇందాక బారువ పేరెత్తగానే తల ఊపారు. మీరు విన్నదైనా, మీ అమ్మగారు చెప్పిందైనా సరే. నోటుబుక్కు తెచ్చుకున్నాను. బాబూ, మైకు కట్టెయ్. మామ్మా, నేనే కిందికి వస్తున్నాను, మీరు లేవకండి.