ఊదా రంగులో పడ్డ పొలం

హోస్ట్: నమస్తే. ఊరి మ్యాప్ గీసేటప్పుడు ఊళ్లోవాళ్లని ఎవరైనా అడుగుతారా? ఇవాళ మాట్లాడేది అదే. మనతో ఉన్న అక్క డాక్యుమెంట్ రైటర్, పాతికేళ్ల అనుభవం. పేరు చెప్పొద్దన్నారు.

అక్క: చెప్తే రేపటి నుంచి గిరాకీ ఉండదు తమ్ముడూ. (నవ్వు)

హోస్ట్: కామారెడ్డితో మొదలుపెడదామా?

అక్క: పెడదాం. అక్కడ కొత్త మాస్టర్ ప్లాన్ ముసాయిదా పెట్టారు. అంటే ఊళ్లో ఏ జాగా దేనికో, రోడ్లు ఎటు పోవాలో ముందే గీసి పెట్టే మ్యాప్. అభ్యంతరాలకి 2023 జనవరి 11 దాకా గడువు. చుట్టుపక్కల ఊళ్ల రైతులు చూసుకుంటే పంట పొలాలు ఇండస్ట్రియల్ జోన్‌లో ఉన్నాయి, కొందరి చేల మీదుగా వంద అడుగుల రోడ్డు పోతోంది. ఒక రైతు ప్రాణమే తీసుకున్నాడు. జనవరి 5న కలెక్టరేట్ ముందు పెద్ద ఆందోళన జరిగింది. 20న మున్సిపల్ పాలకవర్గం ముసాయిదా రద్దు చేస్తూ తీర్మానం చేసింది. జగిత్యాలలోనూ అంతే.

హోస్ట్: అంటే జనం మాట చెల్లినట్టేగా?

అక్క: చెల్లింది, రోడ్డెక్కాక. కాగితం మీద అభ్యంతరం ఇచ్చిన రోజున ఎవరూ అంత కంగారు పడలేదు.

హోస్ట్: భూమి తీసుకోవాలంటే ఒప్పుకోలు కావాలని చట్టం ఉంది కదక్కా?

అక్క: అందరూ పొరపడేది అక్కడే. 2013 భూసేకరణ చట్టంలో ప్రైవేటు కంపెనీ కోసమైతే నూటికి 80 మంది, పీపీపీ, అంటే సర్కారూ ప్రైవేటూ కలిసి చేసేదైతే 70 మంది ఒప్పుకోవాలని ఉంది. తర్వాత రాష్ట్రాలు సవరణలు చేసుకున్నాయి, అది వేరే కథ. మాస్టర్ ప్లాన్‌లో మాత్రం నీ భూమి ఎవరూ తీసుకోరు, రంగు మారుస్తారు. పసుపు అంటే ఇళ్లు, ఊదా అంటే పరిశ్రమలు. పాస్‌బుక్ నీ దగ్గరే ఉంటుంది. కానీ ఇల్లు కట్టుకుందామంటే పర్మిషన్ రాదు, అమ్ముదామంటే కొనేవాడు మొహం తిప్పుకుంటాడు. తీసుకోలేదు కాబట్టి పరిహారం మాటే రాదు.

హోస్ట్: మరి ఆ మ్యాప్ మామూలు మనిషికి అర్థమవుతుందా?

అక్క: లెక్క చెప్తా విను. పదివేలకి ఒకటి స్కేలు అనుకో. మ్యాప్ మీద ఒక సెంటీమీటరంటే నేల మీద వంద మీటర్లు. బొటనవేలు ఆనిస్తే పదిహేను ఎకరాలు దాని కిందకి పోతాయి. రెండెకరాల రైతు తన చేను ఎక్కడని వెతుక్కోవాలి? సర్వే నంబర్లు చీమల్లా ఉంటాయి. పైగా గోడకి ఎత్తుగా తగిలిస్తారు. మా దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన సెల్‌ఫోన్‌తో ఫొటో తీసి, జూమ్ చేసి చూపించి, 'ఇది నా చేలోని నీళ్ల బావేనా బిడ్డా' అని అడిగాడు.

హోస్ట్: బావేనా?

అక్క: ఏమో! ఆ ఫొటోలో అంతా మసకే.

హోస్ట్: వార్డు కమిటీలు ఉన్నాయి కదా, వాటి సంగతేంటి?

అక్క: 2019 తెలంగాణ మున్సిపల్ చట్టంలో వార్డుకి నాలుగు కమిటీలు: యువతకి, మహిళలకి, పెద్దవాళ్లకి, ప్రముఖులకి. ఒక్కోదాంట్లో 15 మంది. ఆ చివరిదాంట్లోకి ఎవరెక్కుతారో నీకు చెప్పక్కర్లేదు. నన్నడిగితే మ్యాప్ గీయకముందే ఆ అరవై మందినీ తీసుకుని వీధులూ పొలం గట్లూ తిరగాలి. గీసేశాక అడిగితే ఎవడి గీతని వాడు కాపాడుకుంటాడు.

హోస్ట్: అలా అడిగితే ఎవరూ రోడ్డుకి జాగా ఇవ్వరంటారు.

అక్క: అదీ నిజమే. రోడ్డు కావాలి, కానీ పక్కవాడి చేలోంచి పోవాలి! కామారెడ్డిలో ప్లాన్ రద్దయినంత మాత్రాన ఊరు పెరగడం ఆగుతుందా? ఇరుకు సందులు అలాగే ఉంటాయి. ఇంకో మాట. పొలం ఉన్నోడు ధర్నా చేస్తాడు. కౌలుదారు, అద్దెకుండేవాడు ఏ సర్వే నంబరు రాసి అభ్యంతరం పెడతాడు?

హోస్ట్: మీరు ఎవరికైనా రాసిచ్చారా?

అక్క: ఒక కౌలుదారుకి. మా వైపే, ఊరి పేరొద్దు. పైసా తీసుకోలేదు. క్లర్కు 'పాస్‌బుక్ జిరాక్స్ ఏది' అన్నాడు. లేదని చెప్తే కాగితం తోసేశాడు. పన్నెండేళ్లుగా ఆ నేల దున్నుతున్నాడయ్యా, కాగితం అందినట్టు ఇన్‌వార్డ్ నంబరు వేసే దాకా కదలం అని అక్కడే కూర్చున్నాం.

హోస్ట్: వేశారా?

అక్క: వేశారు. ఆఫీసు తలుపులు మూసే టైముకి. ఆ స్టాంపు కాగితం లామినేషన్ చేయించి పెట్టుకున్నాడు. జవాబు మాత్రం ఇంకా రాలేదు.