యాప్ ఏం చెప్పాలన్నది తర్వాత, ముందు ఏం అడగాలి?

అందరికీ నమస్కారం. బెంగళూరు తెలుగువాళ్ళ ఆదివారం సభలకు గైనకాలజిస్టును పిలిస్తే పీసీఓడీ గురించో, థైరాయిడ్ గురించో చెప్పమంటారు. ఈసారి అడిగింది వేరు. "గర్భనిరోధక పద్ధతి ఎంచుకోవడంలో ఆడవాళ్ళకు సాయపడే యాప్ తెలుగులో చేద్దామనుకుంటున్నాం, అందులో ఏముండాలో చెప్పండి మేడం" అన్నారు. హాల్లో సగం మంది సాఫ్ట్‌వేర్ వాళ్ళే కదా, కాస్త కరుకుగానే మాట్లాడతాను, ఏమీ అనుకోకండి.

ఈ విషయంలో ఈ ఊరు కొత్తదేం కాదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భనిరోధక క్లినిక్కులు తెరవమని మైసూరు సంస్థానం 1930లోనే ఉత్తర్వు ఇచ్చింది. దేశం మొత్తానికి కుటుంబ నియంత్రణ కార్యక్రమం వచ్చింది 1952లో. ఆ తర్వాత కథ మీకు తెలిసిందే. ఇంతమందికి ఆపరేషన్ చేసి తీరాలన్న టార్గెట్లు, ఎమర్జెన్సీలో మగవాళ్ళను పట్టుకుపోయి చేసిన వేసక్టమీలు, అంటే పిల్లలు పుట్టకుండా మగవాళ్ళకు చేసే ఆపరేషన్లు, ఆ దెబ్బతో భారమంతా ఆడవాళ్ళ మీద పడటం. 1996లో టార్గెట్లు ఎత్తేశామన్నారు. 2014లో బిలాస్‌పూర్ దగ్గర క్యాంపులో ఆపరేషన్ చేయించుకున్న ఆడవాళ్ళు పదిమందికి పైగా చనిపోయారు. ఇలాంటి క్యాంపులు మూడేళ్ళలో ఆపేయమని 2016లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

ఇక మన రాష్ట్రాల సంగతి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన 15–49 ఏళ్ళ ఆడవాళ్ళలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. దేశం మొత్తం మీద అది 38 శాతం. మగవాళ్ళ ఆపరేషన్ 0.3 శాతం. ఆపరేషన్ మీద నాకేం కోపం లేదు, కావాలనుకున్నవాళ్ళకు అది మంచి పద్ధతే. కానీ అనంతపురం నుంచి వచ్చి ఇక్కడ కట్టడాల్లో పనిచేసే అమ్మాయిని "ముందు ఇంకేమైనా వాడావా?" అంటే, "ఏముంటాయి మేడం, ఇద్దరు పుట్టినాక ఆపరేషనే కదా" అంటుంది. గర్భసంచిలో పెట్టే కాపర్ టీ గురించి విన్నది ఒక్కటే, లోపల గుచ్చుకుంటుందని. గర్భం రాకుండా వాడే 'అంతర' ఇంజక్షన్, 'ఛాయ' మాత్ర 2017 నుంచి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తున్నారు. ఆ పేర్లే ఆమె చెవిన పడలేదు.

మీ యాప్‌కు ఇక్కడ పని ఉంది. ఆ పనిలో సగం మీకు చాలా తేలిక. ఎవరికి ఏది ప్రమాదమో ప్రపంచ ఆరోగ్య సంస్థ నాలుగు తరగతులుగా విభజించి పెట్టింది. ఒకటో తరగతి అంటే నిశ్చింతగా వాడొచ్చు, నాలుగు అంటే వాడకూడదు. తలనొప్పికి ముందు కళ్ళ ముందు మెరుపులు కనిపించే మైగ్రేన్ ఉంటే ఈస్ట్రోజన్ అనే హార్మోను ఉన్న గర్భనిరోధక మాత్రలు నాలుగో తరగతి. కాన్పయి ఆరు వారాలు దాటని, పాలిస్తున్న తల్లికీ అంతే. ఇది పట్టిక. పట్టికను కోడ్‌గా మార్చడం మీకు ఒక శనివారం పని.

రెండో సగంలోనే అందరూ బోల్తా పడతారు. పట్టిక దాటాక ఆమెకు నాలుగైదు పద్ధతులు మిగులుతాయి. అందులో ఏది? ఇక్కడ డాక్టర్లకు ఒక పాత అలవాటుంది. అన్నిటికన్నా గట్టిగా పనిచేసేది ముందు చెప్పడం, కండోమ్‌ను చివర్లో గొణిగి వదిలేయడం. గర్భం రాకపోవడం ఒక్కటే ఆమెకు ముఖ్యమని మనమే అనేసుకుంటాం. శాన్ ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో డాక్టర్ క్రిస్టీన్ డెలెన్‌డార్ఫ్ బృందం 'మై బర్త్ కంట్రోల్' అని, టాబ్లెట్ కంప్యూటర్‌లో వాడే పరికరం తయారుచేసింది. డాక్టర్‌ను కలిసే ముందు కూర్చునే చోటే దాన్ని చేతికిస్తారు. రోజూ గుర్తుపెట్టుకోవాల్సి వస్తే ఫరవాలేదా, నెలసరి మారితే ఫరవాలేదా, ఎవరికీ తెలియకుండా వాడాలా, ఇష్టం లేనప్పుడు మీ అంతట మీరే ఆపగలగాలా అని అడుగుతుంది. ఆ జవాబులతో ఆమె లోపలికి వెళ్తుంది.

దాన్ని క్లినిక్కుల్లో పరీక్షించి 2019లో ఫలితాలు వెలువరించారు. పరికరం వాడినవాళ్ళు పద్ధతిని ఎక్కువ కాలం కొనసాగించారా అంటే, లేదు, ఏడు నెలల తర్వాత చూస్తే తేడా రాలేదు. తెలిసిన విషయాలు పెరిగాయి, డాక్టర్ తమ మాట విన్నారని చెప్పినవాళ్ళు పెరిగారు. మీ ఆఫీసుల్లో అయితే 'రిటెన్షన్ పెరగలేదు, ప్రాజెక్టు ఫెయిల్' అంటారు. నేను అననే అనను. కాపర్ టీ తీసేయమని వచ్చిన మనిషి మాట విని తీసేయడం కూడా మంచి వైద్యమే. ఎంతమంది కొనసాగించారన్న లెక్కతో యాప్‌ను కొలిస్తే, మనం వెనక తలుపు నుంచి మళ్ళీ టార్గెట్లు తెచ్చినట్టే.

అయితే అమెరికా ప్రశ్నలను అలాగే తెచ్చి తెలుగులో పెడితే చాలదు. నెలసరి ప్రశ్నే చూడండి. ఇంజక్షన్ తీసుకున్నాక మొదటి నెలల్లో మధ్యమధ్య ఎరుపు కనిపించడం మామూలు. అక్కడ అది చిరాకు, ఒక ప్యాడ్ ఖర్చు. మన ఇళ్ళల్లో చాలా చోట్ల ఎరుపు కనిపించినన్నాళ్ళు దీపం పెట్టకూడదు, పూజ గది గడప దాటకూడదు, కొన్ని ఇళ్ళల్లో వంటగదీ బంద్. శ్రావణమాసం వరలక్ష్మీ వ్రతం నాడు కోడలు "నేను బయట ఉన్నానత్తయ్యా" అని నెలలో రెండోసారి చెప్పాల్సి వస్తే ఏమవుతుంది? ఇంజక్షన్ సంగతి ఇల్లంతా తెలుస్తుంది. ఆ ఆచారం మంచిదా చెడ్డదా అన్న చర్చ ఇప్పుడొద్దు. ఆమె బతికేది ఆ ఇంట్లో. యాప్ ఆ ప్రశ్నను ఆమె మాటల్లోనే అడగాలి.

ఛాయతో దీనికి తిరగబడిన ఇబ్బంది. మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, తర్వాత వారానికోసారి వేసుకునే మాత్ర ఇది, హార్మోను కాదు. లక్నోలోని మన కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ కనిపెట్టింది. దీంతో కొందరికి నెలసరి ఆలస్యమవుతుంది. ముందే చెప్పకపోతే నెల తప్పిందేమోనని హడలిపోయి మాత్ర ఆపేస్తారు, ఆపాక నిజంగానే నెల తప్పుతుంది! ఏడాదిలో బిడ్డ కావాలనుకునే వైట్‌ఫీల్డ్ ఉద్యోగినికి ఇంజక్షన్ గురించి వేరే సంగతి చెప్పాలి. ఆపాక మళ్ళీ గర్భం రావడానికి చాలా నెలలు పట్టొచ్చు.

ఇంకో మాట, మొదటి తెరలోనే 'వివాహిత / అవివాహిత' అని పెట్టకండి. పీజీ హాస్టల్లో ఉండే అమ్మాయి అక్కడే మూసేస్తుంది. మూసేసి మెడికల్ షాపులో గర్భం రాకుండా వేసుకునే అత్యవసర మాత్ర కొనుక్కుంటుంది. అది కలిసిన 72 గంటల్లోపు వేసుకోవాలని, ఎంత త్వరగా వేసుకుంటే అంత మేలని, నెలనెలా వాడే పద్ధతి కాదని ఆమెకు చెప్పేవాళ్ళుండరు.

ఫోన్ ఎవరిదో కూడా ఆలోచించండి. కట్టడాల్లో, గార్మెంట్స్‌లో పనిచేసేవాళ్ళ ఇళ్ళల్లో స్మార్ట్‌ఫోన్ సాధారణంగా భర్తది. లాగిన్ అడగొద్దు, ఓటీపీ వద్దు, 'మీ కాపర్ టీ పరీక్షకు రండి' అని మెసేజ్ అసలే పంపొద్దు. నా దగ్గరికొచ్చే ఒకామెకు ఓ ఆసుపత్రి అలాంటి మెసేజే పంపింది, దాన్ని మొదట చదివింది మామగారు. నెలసరి లెక్కలు పెట్టుకునే ఫ్లో యాప్, ఆడవాళ్ళ సమాచారం ఫేస్‌బుక్ లాంటి కంపెనీలకు చేరవేసిందన్న ఆరోపణ మీద 2021లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో ఒప్పందానికి రావాల్సి వచ్చింది. దాచాల్సినదేదీ మీ సర్వర్లో లేకపోతే పోయేదీ ఉండదు. అందుకే ఇది ఆసుపత్రి టాబ్లెట్‌లో, ఇయర్‌ఫోన్‌తో, చదవడం రానివాళ్ళు కూడా వినేట్టు ఉంటే మేలని నా అభిప్రాయం. అది కూడా కాన్పుకు ముందే, గర్భం ఏడో నెల చెకప్పులో. నొప్పులు పడుతున్న మనిషిని "కాపర్ టీ పెట్టించుకుంటావా?" అని అడిగి 'ఊ' అనిపించుకోవడం సమ్మతి కాదు.

'ఇప్పుడు ఏమీ వద్దు' అనే బటన్ తప్పకుండా ఉండాలి, మిగతా బటన్లంత పెద్దదిగా. మగవాళ్ళ ఆపరేషన్ బొమ్మ ఆడవాళ్ళ ఆపరేషన్ బొమ్మ పక్కనే రావాలి. అది చిన్నది, సులువైనది, పొట్ట కోయక్కర్లేనిది. ఇందాక చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భనిరోధం ఆడవాళ్ళ వ్యవహారమేనన్న మగవాళ్ళు 35 శాతం. ముందు వరుసలోని అన్నయ్యలు నవ్వుతున్నారు, నవ్వండి, ఆ తెర పరీక్షించడానికి మిమ్మల్నే పిలుస్తాను.

చేద్దామనుకునేవాళ్ళు మంగళవారం పొద్దున మా ఓపీకి రండి, ఆడపిల్లలైతే మరీ మంచిది. ల్యాప్‌టాప్ వద్దు. బయట బెంచీ మీద కూర్చుని, ఇష్టపడి మాట్లాడేవాళ్ళతో మాట్లాడండి. అనంతపురం, కర్నూలు, పాలమూరు మాటలు మూడూ వినిపిస్తాయి. గొంతు రికార్డు చేసేటప్పుడు టీవీ వార్తల తెలుగు వాడితే ఎవరూ రెండో ప్రశ్న దాకా రారు. ఇక మీరు అడగండి.