కొత్త ట్రాలీకి ఏ ఆయిల్? తొలి నెలల్లో ఏ జాగ్రత్త?

శ్రోతలందరికీ నమస్కారం.

దసరాకు షోరూం నుంచి కొత్త ట్రాలీ, అంటే సరుకు మోసే చిన్న డీజిల్ బండి తెచ్చుకొని, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయ కొట్టి పనిలోకి దింపే కుటుంబాలు వరంగల్, నర్సంపేట, పరకాల, మహబూబాబాద్ వైపు ఏటా ఎన్నో కనిపిస్తాయి. బండి ఇంటికి చేరి వారం తిరగకముందే యజమానికి సలహాలు మొదలవుతాయి. మన ఎండలకు చిక్కటి ఆయిల్ పోయాలని ఒకరంటారు, సింథటిక్ తప్ప మరొకటి ముట్టవద్దని ఇంకొకరంటారు, పదేళ్లుగా పాత బండిలో పోస్తున్న ఆయిలే దీనికీ చాలునని మరొకరంటారు. ఈ మూడింటిలో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది మూడో సలహా. అది ఎందుకో ఈ రోజు కొంచెం వివరంగా చెప్పదలచుకున్నాను.

ఆయిల్ డబ్బా మీద చూడవలసిన గుర్తులు రెండు. మొదటిది 15డబ్ల్యూ-40, 5డబ్ల్యూ-30 అంటూ కనిపించే గ్రేడు. ఇది ఆయిల్ చిక్కదనాన్ని చెబుతుంది. చివరి అంకె 100 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఆయిల్ ఎంత చిక్కగా నిలుస్తుందో తెలిపితే, డబ్ల్యూకు ముందున్న అంకె చలిలో అది ఎంత సులువుగా కదులుతుందో తెలుపుతుంది. 15డబ్ల్యూ రకాన్ని మైనస్ 20 డిగ్రీల దగ్గర, 5డబ్ల్యూ రకాన్ని మైనస్ 30 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు. ఆదిలాబాద్ అడవుల్లో కూడా అంతటి చలి ఊహకు అందనిది కనుక, ఆ ముందరి అంకె గురించి మన ప్రాంతపు యజమాని ఆందోళన పడవలసిన పని లేదు. ఎండ సంగతి కూడా దాదాపు అంతే. రామగుండంలో మే నెల ఎండ 45 డిగ్రీలు తాకినా, రేడియేటర్, థర్మోస్టాట్ కలిసి ఇంజిన్ వేడిని ఒక హద్దులోనే నిలుపుతాయి. బరువు మీద వెళ్లే బండిలో ఆయిల్ వేడి కొంత పెరిగే మాట నిజమే గాని, తయారీదారు ఆ లెక్క కూడా వేసుకొనే గ్రేడును నిర్ణయిస్తాడు. 5డబ్ల్యూ-30 పోయమని చెప్పిన ఇంజిన్‌లో ఇంకా చిక్కటి ఆయిల్ పోస్తే, ఉదయం స్టార్ట్ చేసిన తొలి క్షణాల్లో సన్నని దారుల గుండా అది పైభాగాలకు చేరడం ఆలస్యమవుతుంది, డీజిల్ ఖర్చూ కొంత పెరుగుతుంది. మినరలా, సింథటికా అన్న ప్రశ్నకు జవాబు కూడా డ్యాష్‌బోర్డు అరలో ఉన్న ఓనర్స్ మాన్యువల్‌లోనే దొరుకుతుంది. అందులో చెప్పిన గ్రేడుకు, ప్రమాణానికి సరిపోయినదే మంచి ఆయిల్.

రెండో గుర్తును మనవాళ్లలో చాలామంది చూడరు. సీహెచ్-4, సీఐ-4, సీజే-4, సీకే-4 అనే అక్షరాలు ఆయిల్ ఏ ప్రమాణానికి చెందినదో చెబుతాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బండ్ల పొగకు హద్దు పెట్టే బీఎస్-6 నిబంధనలు అమలులోకి వచ్చాక, చాలా డీజిల్ బండ్లలో సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ అనే ఫిల్టర్ వచ్చి చేరింది. ఇంజిన్ నుంచి వచ్చే నల్లటి మసిని అది తనలో పట్టి ఉంచుతుంది. మసి నిండినప్పుడు ఇంజిన్ కంప్యూటరే కొంచెం అదనపు డీజిల్‌ను పంపి, ఫిల్టర్ లోపలి వేడిని దాదాపు 600 డిగ్రీల వరకు పెంచి, ఆ మసిని కాల్చివేస్తుంది. మసి కాలిపోతుంది గాని బూడిద కాలదు. ఆ బూడిద ప్రధానంగా ఇంజిన్ ఆయిల్‌లో కలిపే రసాయనాల నుంచే వస్తుంది, ఎందుకంటే ప్రతి ఇంజిన్‌లోనూ కొద్దిపాటి ఆయిల్ పిస్టన్ రింగులను దాటి కాలుతూనే ఉంటుంది. గంధకం ఎక్కువున్న పాత డీజిల్ వల్ల పుట్టే ఆమ్లాలను అణచడానికి పాత ప్రమాణపు ఆయిళ్లలో ఈ రసాయనాలను దండిగా కలిపేవారు. బీఎస్-4 డీజిల్‌లో కిలోకు 50 మిల్లీగ్రాముల వరకు ఉండిన గంధకం బీఎస్-6 డీజిల్‌లో 10 మిల్లీగ్రాములకు తగ్గింది కనుక, ఇప్పుడు అన్ని రసాయనాల అవసరం లేదు. 2006లో వచ్చిన సీజే-4, 2016 చివర వచ్చిన సీకే-4 ప్రమాణాలు ఆయిల్ బరువులో బూడిద 1 శాతం దాటకూడదని హద్దు పెట్టాయి. అంతకు ముందున్న సీఐ-4కు అలాంటి హద్దు లేదు. పాత బండికి పోసే ఆయిల్‌ను కొత్త ట్రాలీలో పోస్తే వెంటనే ఏమీ తెలియదు, బండి మామూలుగానే నడుస్తుంది, కానీ ఎంత కాల్చినా పోని బూడిద ఫిల్టర్‌లో పేరుకొని, అది నిండవలసిన కాలానికి చాలా ముందే నిండిపోతుంది. ఆ ఫిల్టర్ ఎంతో ఖరీదైనది. డబ్బా మీద యాభై, వంద రూపాయలు మిగిలాయని సంతోషించిన యజమాని ఆ నష్టాన్ని రెండు మూడేళ్ల తరువాత, కిస్తీలు తీరకముందే భరించవలసి రావడం నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

ఈ ఫిల్టర్ వల్లనే ఆయిల్ మట్టం తెలిపే గేజి పుల్లను చూసే అలవాటు కూడా మారాలి. బండిని సమతలంగా నిలిపి, ఇంజిన్ ఆపి, ఆయిల్ కిందికి దిగడానికి కొన్ని నిమిషాలు ఆగి, గేజిని ఒకసారి తుడిచి మళ్లీ ముంచి చూడాలన్నది అందరికీ తెలిసినదే. ఆయిల్ తగ్గిందా అని మాత్రమే మనం చూస్తాం. పెరిగిందా అని కూడా చూడాలి. హనుమకొండ నుంచి ఎనుమాముల మార్కెట్‌కు, మార్కెట్ నుంచి గోదాముకు పగలంతా చిన్న చిన్న దూరాలే తిరిగే బండిలో, మసి కాల్చే పని మొదలై ఇంజిన్ ఆపడంతో మధ్యలోనే ఆగిపోతుంటే, అదనంగా పంపిన డీజిల్‌లో కొంత సిలిండర్ గోడల వెంట జారి ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ పలచబడుతుంది, మట్టం పైకి వస్తుంది. గేజిలో ఆయిల్ పై గీతను దాటితే సంతోషించక సర్వీసు సెంటరుకు వెళ్లాలి. డీపీఎఫ్ దీపం వెలిగినప్పుడు బండిని పెద్ద రోడ్డు ఎక్కించి, మాన్యువల్ చెప్పిన తీరులో, ఆపకుండా ఒకే వేగంతో నడపాలి. ఆ పని జరుగుతున్నప్పుడు గాని, అప్పుడే ముగిసినప్పుడు గాని ఎండిన వరిగడ్డి మీద, పత్తి చెత్త మీద బండిని నిలపవద్దని రైతు సోదరులకు ప్రత్యేకంగా మనవి చేస్తున్నాను, ఆ వేడికి నిప్పు అంటుకోగలదు. ఇక ఆయిల్ కొద్ది రోజులకే నల్లబడిందని కంగారు పడనవసరం లేదు. డీజిల్ ఇంజిన్ ఆయిల్ మసిని తనలో కలుపుకొని మోస్తుంది గనుకనే నల్లబడుతుంది.

తొలి నెలల నడక గురించి చెప్పాలి. కొత్త ఇంజిన్‌లో సిలిండర్ గోడల మీద కావాలనే సన్నని అడ్డగీతలు గీసి వదులుతారు. పిస్టన్ రింగులు వాటి మీద రాసుకొని గోడకు అతికినట్టు కుదురుకోవాలి. చాలా బండ్లకు తొలి 1,000 కిలోమీటర్లలోనే ఈ కుదురుకోవడం ఎక్కువగా జరుగుతుంది. ఆ దూరంలో పూర్తి బరువు వేయకూడదు, ఇంజిన్‌ను గట్టిగా అరిపించకూడదు, గంటల కొద్దీ ఒకే వేగంతో తోలకూడదు, ఎక్కువసేపు ఊరికే ఆన్‌లో ఉంచి నిలపకూడదు. కిస్తీ కట్టాలి గనుక మొదటి రోజు నుంచే నిండుగా లోడు వేయక తప్పదని యజమానులు అంటారు, ఆ ఇబ్బంది కాదనలేనిది. అయినా మన పంటల క్రమమే ఇందుకు ఒక దారి చూపుతుంది. దసరాకు కొన్న బండికి ముందుగా దొరికేది పత్తి, దాన్ని తక్కువ బరువుకే నింపి నడపవచ్చు. మిర్చి బస్తాలు మార్కెట్‌కు జోరుగా వచ్చేది సంక్రాంతి దాటాక. బస్తా 40 కిలోలనుకుంటే 1,500 కిలోలు మోసే బండికి 37 బస్తాలే హద్దు. అప్పటికి ఇంజిన్ కుదురుకొని ఆ బరువు మోయడానికి సిద్ధంగా ఉంటుంది.

తొలి సర్వీసును ఎట్టి పరిస్థితిలోనూ వాయిదా వేయకూడదు. కుదురుకునే కాలంలో అరిగిన సన్నని లోహపు రజను ఆయిల్‌లో, ఆయిల్ ఫిల్టర్‌లో చేరుతుంది. కమాను పట్టీలు బరువుకు సర్దుకోవడంతో వాటిని ఇరుసుకు పట్టి ఉంచే యు-బోల్టులు వదులవుతాయి. చక్రాల నట్లు కూడా మొదటి లోడు తరువాత ఒకసారి బిగించి చూడాలి. ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపే టర్బో ఉన్న బండిని ఎక్కువ దూరం తోలి ఆపేటప్పుడు, అర నిమిషం నుంచి నిమిషం పాటు ఊరికే నడవనిచ్చి ఆపాలి. నిమిషానికి లక్షకు పైగా తిరిగే ఆ టర్బోకు ఆయిల్ ఒక్కసారిగా నిలిచిపోతే, బేరింగుల దగ్గర మిగిలిన ఆయిల్ మాడి గట్టి బొగ్గుగా మారుతుంది.

కరీంనగర్ గ్రానైట్ క్వారీల వైపు, భూపాలపల్లి బొగ్గు రోడ్ల వైపు తిరిగే బండ్లకు ఎయిర్ ఫిల్టర్ ప్రాణం. గ్రానైట్ ధూళిలోని క్వార్ట్జ్ రేణువులు ఇనుము కన్నా గట్టివి, అవి లోపలికి చేరితే ఎంత మంచి ఆయిలూ సిలిండర్‌ను కాపాడలేదు. కనుక పుస్తకం చెప్పిన దూరం కన్నా ముందుగానే దాన్ని మార్చాలి. వానాకాలంలో డీజిల్ ఫిల్టర్ అడుగున చేరిన నీటిని కూడా తరచు వదిలెయ్యాలి.

కొన్ని బండ్లలో పొగలోని హానికర వాయువులను తగ్గించే డీఈఎఫ్ అనే ద్రవం కోసం ప్రత్యేక ట్యాంకు ఉంటుంది. అది శుద్ధమైన నీటిలో 32.5 శాతం యూరియా కలిపిన ద్రవం కనుక, పొలానికి తెచ్చిన యూరియానే నీళ్లలో కలిపి పోస్తే సరిపోతుందని కొందరు అనుకుంటున్నారు. దయచేసి ఆ పని చేయవద్దు. 2015 నుంచి మన ఎరువుల యూరియాకు వేపనూనె పూత తప్పనిసరి అయింది. ఆ పూత, అందులోని ఇతర మలినాలు కలిసి ఆ ద్రవాన్ని చిమ్మే డోసింగ్ నాజిల్‌ను, దాని వెనుక పొగను శుద్ధి చేసే క్యాటలిస్టును పాడుచేస్తాయి.

ఆయిల్‌ను సీలు చెడని డబ్బాలో, అధీకృత డీలరు దగ్గర, బిల్లుతో కొనండి. ఆ బిల్లు సర్వీసు బుక్కులోనే పెట్టండి, వారంటీ కోరిన రోజున అడిగేది అదే. ఖాళీ అయిన డబ్బాను కోసి పారేయండి, లేకుంటే అందులోకే నాసిరకం ఆయిల్ నిండి మళ్లీ మరొకరి బండికి చేరుతుంది. దింపిన పాత ఆయిల్‌ను మోరీలో గాని, చేను గట్టున గాని పోయక సర్వీసు సెంటరులోనే అప్పగించి రండి.

నమస్కారం.