మీసాలు గీతలు కావు: పాత ఫోటోలో కుక్కకు, దూడకు రంగు వేయడం

నమస్కారం. తెర మీద ఉన్న ఫోటో చూడండి. రెండుంపావు అంగుళాల చదరం, చుట్టూ తెల్ల అంచు. ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరాలో 120 రోలు వేసి తీసినవి ఇట్లాగే ఉంటాయి. రోలుకు 12 బొమ్మలు, నెగటివ్ ఎంతుంటే ప్రింటూ అంతే. చిత్తూరు వైపు ఒక ఇంటి ముంగిట పుంగనూరు దూడ, పక్కనే తెల్ల కుక్క. ఈరోజు పని దీని మీదే.

ఇంత చిన్న ప్రింటుకు స్కానర్‌లో 300 డీపీఐ (అంగుళానికి ఇన్ని చుక్కలు అని) చాలదు. 1200 పెట్టండి. రెండుంపావు అంగుళాలకు 2700 పిక్సెళ్లు వస్తాయి, అంటే అంగుళానికి 300 చొప్పున 9 అంగుళాల ప్రింటు దర్జాగా తీసుకోవచ్చు. ఫోటో బ్లాక్ అండ్ వైట్ అయినా స్కాన్ మాత్రం కలర్లోనే, 48 బిట్, టిఫ్ ఫైలు. స్కానర్ తనంతట తాను చేసే షార్పెనింగ్, డస్ట్ రిమూవల్ రెండూ ఆపేయండి.

కలర్ ఎందుకంటే మరకల కోసం. కలర్ స్కాన్ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు పొరలుగా ఉంటుంది, ఒక్కో పొర ఒక ఛానెల్. పసుపు మరక నీలి వెలుగును మింగేస్తుంది, అందుకే బ్లూ ఛానెల్లో నల్లగా కనబడుతుంది. అదే రెడ్ ఛానెల్లో చూడండి, దాదాపు లేదు! కుంకుమ వేలిముద్రలదీ అదే కథ. ఫోటోషాప్‌లో ఛానెల్ మిక్సర్ తెరిచి, మోనోక్రోమ్ టిక్ పెట్టి, రెడ్ 100, మిగతా రెండూ సున్నా. బ్రష్ పట్టకముందే సగం పని అయిపోతుంది.

ఫ్రేము అద్దానికి అతుక్కుపోయిన ఫోటో అయితే లాగొద్దు. కార్తీక మాసం ముసురులో తేమ పట్టి జెలటిన్ పొర అద్దాన్ని కరుచుకుంటుంది. లాగితే బొమ్మ అద్దం మీదే ఉండిపోతుంది. అద్దంతో పాటే స్కాన్ చేయండి. చవక ప్రింటర్లలో వచ్చే సీఐఎస్ స్కానర్‌కు అద్దం మందం దాటి చూపు ఆనదు, మసకగా వస్తుంది. లెన్సుతో చూసే సీసీడీ స్కానర్ కావాలి. లేదా కిటికీ పక్కన నీడలో పెట్టి కెమెరాతో తీయండి, మెరుపు పడకుండా కెమెరా వెనక నల్లగుడ్డ కట్టి.

ఇక అసలు పని. మనిషి ఫోటోకూ జంతువు ఫోటోకూ తేడా బొచ్చు దగ్గర మొదలవుతుంది. 'డస్ట్ అండ్ స్క్రాచెస్' ఫిల్టర్ ఫోటో మొత్తానికీ వేస్తే ఏమవుతుందో చూడండి. కుక్క మీసాలు పోయాయి. సన్నగా, తెల్లగా, నిటారుగా ఉన్నదల్లా దానికి గీతే. ఆ ఫిల్టర్ ఆకాశానికి, గోడకు సరే. మూతి, చెవుల అంచు, తోక దగ్గర మాస్క్ వేసి దాన్ని ఆపాలి.

దూడ వీపు మీద అడ్డంగా గీత ఉంది కదా. ఫోటో పైన కొత్త ఖాళీ లేయర్ (పారదర్శకమైన పొర) తీసుకోండి, క్లోన్ స్టాంప్‌కు (ఒకచోటి బొమ్మను తీసి ఇంకోచోట అద్దే పనిముట్టు) 'కరెంట్ అండ్ బిలో' పెట్టండి, అప్పుడు కింది పొరలోంచి కూడా తీసుకుంటుంది. బ్రష్ గీత కంటే కొంచెమే పెద్దది, ఇక్కడ 8 పిక్సెళ్లు, హార్డ్‌నెస్ 50. గీత పొడవునా ఒకే లాగు లాగితే అక్కడ రోడ్డు వేసినట్టు ఉంటుంది. వెంట్రుక ఎటు వాలిందో అటే చిన్న చిన్న పోట్లు వేస్తూ, రెండు మూడు పోట్లకొకసారి శాంపిల్, అంటే బొమ్మను తీసే చోటు, మార్చండి. మెడ దగ్గర బొచ్చు సుడి తిరుగుతుంది, అక్కడ వీపు మీద బొచ్చు తెచ్చి అతికిస్తే ఎంత బాగా కలిపినా కన్ను పట్టేస్తుంది. తోక కదిలి మసకబారింది. దాన్ని బాగుచేయొద్దు, కుక్క తోక ఊపితే అట్లాగే ఉంటుంది.

ముఖాలను పదును చేసే ఏఐ పనిముట్లున్నాయి, జీఎఫ్‌పీగాన్ లాంటివి. అవి నేర్చుకున్నది మనుషుల ముఖాల మీద. కుక్క ముఖం ఇస్తే గుర్తుపట్టక వదిలేస్తాయి, లేదా మనిషి కళ్లు పెట్టేస్తాయి. రెండోది చూస్తే రాత్రి నిద్ర పట్టదు. 'ఫేస్ రిస్టోర్' టిక్ తీసేయండి.

రంగు వేసే ఏఐ తిప్పలు వేరు. నెట్‌లో కుక్కల ఫోటోల్లో చాలావాటికి నాలుక బయటే ఉంటుంది, వాటినే చూసి నేర్చుకున్న మోడల్ నోరు మూసుకున్న కుక్కకు కూడా గడ్డం కింద గులాబీ రంగు పులుముతుంది. అనుమానం వచ్చిన చోటల్లా మట్టి రంగు వేసి చేతులు దులుపుకుంటుంది. మన పుంగనూరు జాతిలో తెలుపు, బూడిద, లేత గోధుమ, ముదురు గోధుమ, నలుపు కలిసినవి అన్నీ ఉన్నాయి. పాంక్రోమాటిక్ ఫిల్ములో (అన్ని రంగుల వెలుగునూ పట్టే బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము) ఎరుపు గోధుమ దూడ, బూడిద దూడ ఒకే గ్రేలో పడొచ్చు. ఫోటోను ఎంతసేపు చూసినా అది తేలదు. ఆ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి, 'ఏం రంగు' అని కాదు, 'దేని రంగులో ఉండేది' అని. 'తేగ రంగు', 'బూడిద గుమ్మడి రంగు' అని చెప్తారు, అదే మీకు కావలసిన జవాబు. కుక్క ముక్కు గురించీ అడగండి. రాజపాళయం కుక్క అయితే ఒళ్లంతా పాల తెలుపు, ముక్కు మాత్రం గులాబీ. నల్లముక్కు పెట్టారా, అది వేరే కుక్క అయిపోతుంది.

రంగు లేయర్ బ్లెండ్ మోడ్ 'కలర్', ఉచితంగా దొరికే జింప్ సాఫ్ట్‌వేర్‌లో అయితే 'ఎల్‌సీహెచ్ కలర్'. ఈ మోడ్ వెలుగునీడల్ని ముట్టదు, రంగు ఒక్కటే ఇస్తుంది. అందుకే 255 దాకా, అంటే పూర్తిగా, తెల్లబారిన చోట ఏ రంగూ అంటదు. తెల్ల కుక్కకు ముందు కర్వ్స్‌లో పైకొనను 240కి దించండి. తర్వాత మూడు రంగులు: ఎండ పడ్డ వీపుకు మీగడ రంగు, హ్యూ (ఏ రంగో) 40, సాచురేషన్ (ఎంత గాఢమో) 8. నీడ పక్కకు ఆకాశం నీలం, హ్యూ 215, సాచురేషన్ 8. పొట్ట కింద మన ఎర్రమట్టి వెలుగు తిరిగి కొడుతుంది, అక్కడ హ్యూ 20, సాచురేషన్ 15. ఈ మూడోది వేయకపోతే కుక్క నేల మీద నిలబడదు, అతికించినట్టు తేలుతుంది. చెవి లోపల పల్చగా గులాబీ, అంతే.

ఫ్లాష్ వేసి తీసిన కలర్ ఫోటో అయితే కళ్లు పచ్చగా మెరుస్తాయి. కంటి వెనక వెలుగును తిప్పికొట్టే పొర మనకు లేదు, కుక్కకు, దూడకు ఉంది. రెడ్ ఐ టూల్ ఎరుపునే వెతుకుతుంది, కాబట్టి ఇక్కడ పనికిరాదు. కంటిపాపను సెలెక్ట్ చేసి రంగు తీసేసి, నల్లబరిచి, పైన 3 పిక్సెళ్ల తెల్ల చుక్క పెట్టండి. రెండు కళ్లలోనూ చుక్క ఒకే వైపు ఉండాలి.

టిఫ్ దాచుకోండి, ప్రింటు వేసే ల్యాబ్‌కు ఎస్‌ఆర్‌జీబీ (మామూలుగా వాడే రంగుల కొలత) జేపెగ్ ఇవ్వండి. ఆటో కరెక్షన్ వేయొద్దని నోటితో చెప్పండి, లేకపోతే మెషీన్ ఆ మీగడ రంగును మరక అనుకుని కడిగేస్తుంది. ముందు చిన్న ప్రింటు ఒకటి తీయించి, ట్యూబ్‌లైటు కింద కాకుండా వాకిట్లోకి తెచ్చి చూడండి. పొట్ట కింద ఎరుపు ఎక్కువైతే అక్కడే తెలుస్తుంది.