ఉప్మాలో పది బఠాణీలు

అందరికీ నమస్కారం. మైకు కాస్త కిందికి దించుకుంటాను. వెనక వరసలో కూర్చున్న పెద్దవాళ్లకి వినబడకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను. ముప్ఫై ఏళ్లు హోమ్ సైన్సు పాఠాలు చెప్పిన గొంతు ఇది, అంత తేలిగ్గా అలిసిపోదు.

బల్ల మీద మూడు గిన్నెలూ రెండు గాజు గ్లాసులూ ఉన్నాయి చూశారుగా. గిన్నెల్లో పొద్దున్నే ఇంట్లో ఉడికించి తెచ్చిన పచ్చి బఠాణీలు. గ్లాసుల్లో ఉడికించనివి, హాల్లోకి వచ్చీ రాగానే నీళ్లలో వేసి పెట్టాను. వాటిని ఇప్పుడే కదపకండి, చివర్లో పని ఉంది.

కాయలు గుట్టలు పోసి అమ్మే ఈ చలికాలంలో నా విద్యార్థులు ఏటా ఒకే మాట అడిగేవాళ్లు: "మేడమ్, బఠాణీ కూరగాయా, పప్పుగింజా?" కుటుంబం చూస్తే కందికీ పెసరకీ చుట్టమే. కాకపోతే గింజ ముదరకముందే కోసేస్తాం కాబట్టి ఒంటినిండా నీళ్లుంటాయి, అమ్మేది కూరగాయల బండి మీద. బండి మీద దొరికేసరికి మనకి అది కొత్తిమీరలా పైన చల్లుకునే సరుకైపోయింది. ఉప్మాలో పది గింజలు, పులావులో ఇంకో పది. పళ్లెంలో పచ్చగా కనబడితే పిల్లాడికి బలమైన తిండి పెట్టేశామని తృప్తి.

ఆ పది గింజల్నీ ఒకసారి తూచాను. అయిదు గ్రాములు కూడా తూగలేదు. వాటిలో మాంసకృత్తులు పావు గ్రాము. 55 కిలోల బరువున్న స్త్రీకి రోజుకి దాదాపు 46 గ్రాముల మాంసకృత్తులు కావాలని భారత వైద్య పరిశోధన మండలి, అదే ఐసీఎంఆర్, చెబుతోంది. మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ దాని కింద పనిచేసేదే. 46 గ్రాముల ముందు పావు గ్రాము ఏ మూలకి?

ఇప్పుడు పది గింజలు వదిలేసి ఒక కప్పు తీసుకుందాం. ఉడికించి నీళ్లు వార్చిన బఠాణీ కప్పుకి 160 గ్రాములు తూగుతుంది. అందులో సుమారు 134 కేలరీలు, ఎనిమిదిన్నర గ్రాముల మాంసకృత్తులు, దాదాపు 9 గ్రాముల పీచు. కొవ్వు అర గ్రాము కూడా ఉండదు. అదే తూకం తెల్లన్నం తింటే 200 కేలరీలు దాటతాయి, మాంసకృత్తులు నాలుగు గ్రాములు, పీచు గ్రాము కూడా రాదు. అందుకే నేననేది, బఠాణీని మన పెద్దవాళ్లు శనగల్ని తిన్నట్టు తినాలి. గోదావరి వైపు గుగ్గిళ్లంటారు, మా తెలంగాణలో గుడాలంటాం. గిన్నెడు పెట్టుకుని స్పూనుతో తినే వస్తువు.

అలాగని అన్నం మానేయమనడం లేదు. మాంసకృత్తులు తయారయ్యేది అమైనో ఆమ్లాలతో. బియ్యంలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, బఠాణీలో దండిగా ఉంటుంది. బఠాణీలో మెథియొనిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం తక్కువ, అది అన్నం నుంచి వస్తుంది. పప్పన్నం ఎందుకు నిలబడిందో బఠాణీ అన్నమూ అందుకే నిలబడుతుంది, గింజలు లెక్కబెట్టి వెయ్యకపోతే.

ఇక ఉడకబెట్టడం దగ్గరికి వద్దాం. నా దెబ్బలాట అంతా ఇక్కడే. వంద గ్రాముల పచ్చి గింజల్లో సి విటమిన్ 40 మిల్లీగ్రాములుంటే, నీళ్లలో ఉడికించి వార్చాక మిగిలేది 14. మాంసకృత్తులు, పీచు, ఇనుము చాలావరకు అలాగే ఉంటాయి, వాటికేం భయం లేదు. సి విటమిన్ మాత్రం కొంత వేడికి పోతుంది, కొంత నీళ్లలోకి దిగుతుంది. థయమిన్, అంటే బి1 విటమిన్, కూడా నీళ్లలోకి దిగే రకమే. ఆ నీళ్లు మనమేం చేస్తాం? సింకులో పారబోస్తాం! చారులో పొయ్యండి, చపాతీ పిండి కలపండి. అసలు మునిగేటన్ని నీళ్లెందుకు? మూకుడులో గింజలు తడిసేటన్ని పోసి మూత పెడితే లేత బఠాణీ అయిదారు నిమిషాల్లో ఉడుకుతుంది. కుక్కర్లో మూడు విజిల్సు రానిచ్చేవాళ్లున్నారు, అది ఎండు బఠాణీకి చెయ్యాల్సిన మర్యాద.

ఇప్పుడు గిన్నెలు చూడండి. మొదటిది ఇందాక చెప్పినట్టు ఉడికించింది. రెండోదాంట్లో చిటికెడు వంటసోడా వేశాను. రంగు చూడండి, పెళ్లి భోజనాల్లో కనబడేటంత పచ్చన. నేను కూడా కొత్త కాపురంలో చుట్టాల ముందు గొప్పకి ఇలాగే చేసేదాన్ని. సోడా క్షారం కాబట్టి రంగు నిలబడుతుంది, గింజ మెత్తబడిపోతుంది, దాంతోపాటు థయమిన్, సి విటమిన్ మరింత నాశనమవుతాయి. మూడోదాంట్లో టమాటాలు మొదట్లోనే వేశాను. పులుపు తగిలి పచ్చదనం పోయి ఇదిగో ఇలా పాచిరంగుకి తిరిగింది, గింజ కూడా తొందరగా మెత్తబడలేదు. పులుపు కావాలంటే దించేటప్పుడు నిమ్మకాయ పిండుకోండి. దానివల్ల ఇంకో లాభం ఉంది. వంద గ్రాముల బఠాణీలో ఒకటిన్నర మిల్లీగ్రాముల ఇనుముంటుంది కానీ, మొక్కల్లోని ఇనుము ఒంటికి అంత సులువుగా పట్టదు. నిమ్మరసంలోని సి విటమిన్ దాన్ని పట్టిస్తుంది. తిన్న వెంటనే టీ తాగితే మళ్లీ మొదటికొస్తుంది, కాస్సేపు ఆగండి.

ఫ్రిజ్‌లో గడ్డకట్టిన ప్యాకెట్ల గురించి ముందు వరసలోంచి అప్పుడే చీటీ వచ్చింది. నిర్భయంగా వాడుకోండి. ఫ్యాక్టరీలో గింజల్ని వేడినీళ్లలో ఓసారి ముంచి తీసి గడ్డకట్టిస్తారు. రంగునీ రుచినీ పాడుచేసే ఎంజైములు ఆ వేడికి ఆగిపోతాయి. కొంత సి విటమిన్ అక్కడే పోతుంది, నిజమే. కానీ నాలుగు రోజులు బండి మీద వాడిన కాయలో పోయేది కూడా తక్కువేం కాదు. పైగా కోసిన గంట నుంచే గింజలోని చక్కెర పిండిపదార్థంగా మారడం మొదలవుతుంది. అందుకే మొన్న తెచ్చిన కాయ ఇవాళ చప్పగా ఉంటుంది. కాయలు కొంటే ఆ రోజే ఒలవండి. కిలో కాయలకి నాలుగు వందల గ్రాముల గింజలొస్తాయి, కాస్త అటూ ఇటూ. కప్పు లెక్కన చూస్తే రెండున్నర కప్పులు.

షుగరున్నవాళ్లకి ఒక్క మాట. బఠాణీలో పిండిపదార్థం ఉంది, ఉడికినవి వంద గ్రాములకి 15 గ్రాముల పైన, పీచుతో కలిపి. పీచూ మాంసకృత్తులూ తోడుండటం వల్ల రక్తంలో చక్కెర ఒక్కసారిగా ఎగబాకదు. అయితే అన్నం ఎంత తినేవారో అంతా తిని, పైన ఓ కప్పు బఠాణీ తింటే ప్రయోజనం లేదు, అన్నం తగ్గించి ఆ చోట తినాలి. ఆలూ బఠాణీ కూరలో ఆలూయే ముప్పాతిక వంతు ఉంటుంది, దాన్ని బఠాణీ ఖాతాలో వెయ్యకండి. కిడ్నీ జబ్బుకి పొటాషియం తగ్గించమన్నవాళ్లూ, రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్లూ మీ డాక్టరు చెప్పినంతే తినండి. బఠాణీలో పొటాషియం ఉంది, కె విటమిన్ కూడా ఉంది. కడుపు ఉబ్బరం అంటారా, అలవాటు లేని కడుపుకి మొదటిరోజే కప్పు పొయ్యకండి, నాలుగు చెంచాలతో మొదలుపెట్టండి.

ఇక గ్లాసులు. ఎడమవైపు దాంట్లో నేనే ఒలిచిన గింజలు. కుడివైపువి పచ్చి బఠాణీ అని చెప్పి అమ్మినవి, ఎక్కడ కొన్నానో అడక్కండి. గింజలోని సహజమైన పచ్చదనం నీళ్లలో కరగదు. పూసిన రంగు కరుగుతుంది. అరగంట నానబెట్టి చూడమని ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ చెప్పే పరీక్ష ఇదే. కుడి గ్లాసు వెలుతురుకి పట్టుకుంటాను... వెనకవాళ్లకి కూడా కనబడుతోంది కదా ఆ పచ్చనీళ్లు?

వాటిని నేనే తీసుకెళ్లి పారేస్తాను. మొదటి గిన్నె మీకోసం తెచ్చిందే, నిమ్మచెక్కలు పక్కన ఉన్నాయి. ఒక్కొక్కరూ కనీసం రెండు గరిటెలు వేసుకోండి. పది గింజలు వేసుకున్నవాళ్లని మళ్లీ వెనక్కి పంపిస్తాను.